యూరప్ గడియారాన్ని నేను రద్దు చేసిన రోజు

యూరప్ మీద నాకు కోపం. ఎన్నడూ పోలేదు, పోయే ఉద్దేశమూ లేదు, అయినా కోపమే. నేనిప్పుడు గల్ఫ్‌లోనే, జిదాఫ్స్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆమె ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. పొద్దున డ్యూటీకి పోయేముందు నేను ఫోను పట్టుకుని గొణుగుతుంటే, "బాపూ, ఆ ఫ్రాన్సోళ్ళు నీకేం జేసిన్రే పాపం?" అంటుంది. ఏం చేయలేదు. నన్ను అడగకుండా అన్నీ వాళ్ళే చేసుకుంటున్నారు, అదీ నా బాధ.

ఈ దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూసి, "తాతా, ఇన్నేండ్లు పని చేసినవు, మాకేమన్న జెప్పు" అంటారు. బాబూ, నేను చెప్పినందుకు ఒకడి బతుకు దాదాపు చేజారింది. ఆ సంగతే చెబుతాను. మిగతాది మీరే తెలుసుకోండి.

నేను పేంటర్ని. విల్లాలకు, ఫ్లాట్లకు రంగులు వేసే కంపెనీలో చేశాను. బడిలో చదివింది ఐదో తరగతి దాకా. ఇంగ్లీషు అక్షరాలు డబ్బాల మీద నేర్చుకున్నాను, వాక్యాలు మాత్రం నేల మీద. ఎట్లాగంటే, గోడకు రంగు వేసేముందు కింద టైల్స్ పాడుకాకుండా పాత పేపర్లు పరుస్తాం. బ్రిటిషువాళ్ళూ జర్మనీవాళ్ళూ అద్దెకుండే విల్లాల నుంచి అవి కట్టలు కట్టలుగా మా స్టోరుకు వచ్చేవి. ఎక్కువగా వాళ్ళ దేశాల వార్తలే. కింది అంచుకు రంగు వేయాలంటే ఎట్లాగూ మోకాళ్ళ మీద కూర్చోవాలి కదా, కూర్చుని చదివేవాణ్ణి. మీరు బెంచీల మీద కూర్చుని చదివారు, నేను మోకాళ్ళ మీద చదివాను. అందుకే మీ చదువులు మీకు అరగలేదు, నా మోకాళ్ళు అరిగిపోయాయి.

ఒక్కటే చిక్కు. పేంటరు చదివే పేపరు మీద పేంటు పడుతుంది. జర్మనీలో రైళ్ళు ఆలస్యంగా నడుస్తున్నాయని తెలిసేది, ఎందుకు నడుస్తున్నాయో ఆఫ్‌వైట్ కింద ఉండేది. ఇటలీలో సర్కారు పడిపోయిందని తెలిసేది, తర్వాత ఎవరొచ్చారో ప్రైమరు కింద ఉండేది. వదిలేస్తే ఎట్లా? పై సగం చదివి కింది సగం నేనే పూరించుకునేవాణ్ణి. అట్లా ఏళ్ళ తరబడి నా బుర్రలో ఒక యూరప్ తయారైంది. సగం వాళ్ళు కట్టింది, సగం నేను కట్టింది. రంగు మాత్రం అంతా నేనే వేశాను.

సాయంత్రం క్యాంపు మెస్సులో రొట్టెలు కాలుతుండగా నా వార్తలు మొదలయ్యేవి. మావాళ్ళంతా జగిత్యాల, నిర్మల్, ఆర్మూరు వైపు వాళ్ళు. వాళ్ళకు గల్ఫంతా దుబాయి, యూరపంతా లండన్. ఆ అజ్ఞానం మీద నాకు మహా మంట.

"ఫ్రాన్సుల పింఛను వయసు జరంత పెంచిన్రట. ఊరు ఊరంత రోడ్డు మీదికొచ్చింది. చెత్త ఎత్తుతలేరట. నా వయసెంత? నేనింకా నిచ్చెన మీదున్న!"

"దిగు మరి కాకా, ఎవలాపిన్రు?" అని ఎవడో అనేవాడు.

"ఇగ గీ ఎండ సంగతి విను. మనకాడ సలికాలం మధ్యాహ్నం గొట్టేంత ఎండ గొడితే ఆడ రేడియోల హెచ్చరిక. ఇండ్లల్ల ఫ్యాన్లు సుత లేవట."

"లండన్ల ఫ్యాన్ లేదా? గంత పేదోళ్ళా?"

ఇట్లా నడిచేది. ఒకసారి నేను గోడకు వేసిన రెండో కోటు ఆరేలోపు బ్రిటన్‌లో ప్రధానమంత్రి మారాడు. మరోసారి రైతులు ట్రాక్టర్లతో పెద్ద పెద్ద నగరాల రోడ్లు మూసి, ఆఫీసుల ముందు పేడ కుప్పలు పోశారు. ఆ ఒక్క వార్తకు మాత్రం మా మెస్సంతా చప్పట్లు కొట్టింది.

అన్నిటికంటే నన్ను మండించింది వాళ్ళ గడియారం. వాళ్ళు ఎండాకాలం ముందు ఒకసారి గంట ముందుకు, చలికాలం ముందు ఒకసారి గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆదివారం తెల్లవారకముందు, అందరూ పడుకున్నప్పుడు. సూర్యుడికి డ్యూటీ టైము మార్చడమన్నమాట. దీని మీద నేను మెస్సులో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. ఒకరోజు ఒక విల్లా హాల్లో, మోకాళ్ళ మీద ఉండగా కనిపించింది: యూరప్ పార్లమెంటు ఓటేసింది, గడియారాలు తిప్పడం ఇక రద్దు. తలకాయంత అక్షరాలు. దాని కింద ఇంకా చాలా ఉన్నట్టుంది గానీ, అప్పటికే సీలింగుకు వేసే తెల్లరంగు పడి ఉంది. ఇక చదవాల్సిందేముంది? నా మాట వాళ్ళకు వినపడిందనే అనుకున్నాను. ఆ రాత్రి మెస్సులో విజయోత్సవం జరిపాను. ఆ తర్వాత యూరప్‌లో టైమెంతయిందో తెలుసుకునే అవసరం నాకు ఏళ్ళపాటు రాలేదు.

నా మోకాళ్ళు ఇక లాభం లేదన్నాక కంపెనీ నన్ను క్యాంపులోనే పేంటు స్టోరుకు కూర్చోబెట్టింది. నా గదిలో మంచం పక్క మంచం ఒక టైల్స్ మేస్త్రిది. నిర్మల్ వైపు పిల్లవాడు, ముప్ఫై దాటలేదు. మాట తక్కువ. నా వార్తలన్నీ ఓపిగ్గా విని చివర్న ఒకే ప్రశ్న వేసేవాడు. అది సరిగ్గా రంగు కింద పోయిన సగం గురించే ఉండేది. అయినా వాడంటే నాకు ఇష్టం. వినేవాడు దొరకడం ఎంత కష్టమో నా వయసొస్తే మీకు తెలుస్తుంది.

కర్జకాన్‌లో కడుతున్న విల్లాలు ఆఖరుకొచ్చాయి. అవి అయిపోగానే టైల్స్ పనివాళ్ళు ఖలాస్, వీసాలు రద్దు, ఇంటికి టికెట్లు అని ఆఫీసు చెప్పేసింది. మేస్త్రి మొహం వేలాడేసుకుని తిరిగాడు.

"ఊరికి వోతే మళ్ళ ఏజెంటు గడప తొక్కాలె కాకా. ఒకపారి తొక్కిన, సాలు నాకు," అన్నాడొకరోజు.

మరుసటి వారమే వాడి దోస్తు ఒకడు పోలెండ్ నుంచి కబురు పంపాడు. అక్కడ వాడు చేసే కంపెనీకి టైల్స్ మేస్త్రీలు కావాలి, మధ్యలో ఏజెంటు లేడు, కంపెనీవాళ్ళే ఫోనులో మొహం చూసి మాట్లాడతారు, నచ్చితే వీసా పంపుతారు. మేస్త్రి ఫోను కెమెరా పగిలిపోయి ఉంది. అందుకని నా నంబరు ఇచ్చాడు. మా అమ్మాయి కొనిచ్చిన ఫోను, మనిషి చెమటచుక్క కూడా కనిపిస్తుంది అందులో.

వచ్చే సోమవారం, పోలెండ్ టైము పది గంటలకు ఫోను చేస్తామని మెసేజి వచ్చింది. వచ్చిన రోజే నా ఫోనులో చూశాను. వాళ్ళు మనకంటే ఒక గంట వెనక ఉన్నారు. అంటే మనకు పదకొండు.

మేస్త్రి తన ఒక్క ప్రశ్నా వేశాడు. "లండన్ల గడియారం తిప్పుతరు అంటివి గద కాకా? గది సలికాలం ముంగటనే గద?"

"అది రద్దయింది రా. పార్లమెంటుల ఓటేసిన్రు. నేను నా కండ్లతోని సదివిన."

"గట్లనా," అన్నాడు. నా మాట మీద ఫోర్‌మన్‌ను సగం పూట సెలవు అడిగాడు. ఫోర్‌మన్ కాకినాడ వైపు మనిషి, మంచివాడే గానీ మనిషికంటే ముందు గొంతు వస్తుంది. "పావుతక్కువ పన్నెండుకి పికప్ బయల్దేరుద్ది. అందులో లేకపోతే ఆ రోజు హాజరు ఉండదు, నన్నడగొద్దు," అన్నాడు.

ఆదివారం నేను స్టోరులో ఒక గోడ ఖాళీ చేసి, వెనక అందంగా కనబడాలని లేత క్రీము రంగు వేశాను. యూరప్ వాళ్ళకు ముదురు రంగులు నచ్చవని నా పరిశోధన. సోమవారం పది దాటగానే మేస్త్రి స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చుని వెనక్కి ఆనుకున్నాడు. నా క్రీము రంగు పూర్తిగా ఆరలేదు.

"కాకా, ఈపు సల్లగైతంది."

"ముంగటికి గూసో. ఎనకకు తిరగకు. ఆళ్ళకు ముఖం గావాలె గని ఈపెందుకు?"

పదకొండయింది. ఫోను మోగలేదు. ఇంకాసేపు చూశాం. మసీదు నుంచి మధ్యాహ్నపు నమాజు పిలుపు వినపడింది. ఫోను మాత్రం ముంగిలా ఉంది. మేస్త్రి నా మొహం చూస్తున్నాడు, నేను ఫోను మొహం చూస్తున్నాను. నాకు మెల్లగా కోపం రాజుకుంది.

"టైము అంటే ప్రాణమిస్తరని పేరు. సూడు! గిదేనా మర్యాద? ఈళ్ళ రైళ్ళ లెక్కనే ఈళ్ళ ఫోనులు సుత."

"అచ్చేదాక సూద్దాం కాకా."

"ఏం సూసుడు? ఎవలనో తీసుకుని ఉంటరు. మనకు చెప్పాలెనని సుత తోచలే. పోరా, పికప్పు వొయ్యేతట్టున్నది. హాజరన్న మిగులుతది. మనకు ఇజ్జత్ లేదా?"

ఇజ్జత్ వాడిది కాదు, నాది. వాడికి కావాల్సింది పని. ఆ తేడా ఆ పూట నాకు తట్టలేదు. వాడు చొక్కా విడిచి, పనిబట్టలు తొడుక్కుని, వెనక క్రీము రంగు మచ్చ చూసుకుని చిన్నగా నవ్వి, పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు. సైటులో పని జరిగేటప్పుడు ఫోన్లన్నీ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

నేను అన్నం గిన్నె ముందు పెట్టుకుని, నెత్తిన తువ్వాలు చుట్టుకుని, పప్పు కలుపుకున్నాను. సరిగ్గా పన్నెండు. ఫోను మోగింది.

కుడిచెయ్యి పప్పులో ఉంది కాబట్టి ఎడమచేత్తో నొక్కాను. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ, ఆమె పక్కన బట్టతల మనిషి ఒకడు కనిపించారు. ఆమె నవ్వుతూ గుడ్ మార్నింగ్ అంది. నేను నవ్వలేదు. పేపర్లలో నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, మీరు గంట ఆలస్యం, ఇది చాలా విచారకరం అన్నాను.

ఆమె తన చేతిగడియారం చూసుకుంది. "మేము సరిగ్గా పదికే చేశామండీ. నిన్ననే కదా మా గడియారాలు వెనక్కి తిప్పాం."

"అది రద్దయింది," అన్నాను.

"ఏది?"

"గడియారం తిప్పడం. మీ పార్లమెంటు ఓటేసింది. మీకు తెలియదా?"

యూరప్‌లో ఏం జరిగిందో యూరప్‌లో కూర్చున్న మనిషికి, పప్పు చేత్తో, నేను చెప్పాను. ఆమె పక్కనున్న మనిషి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని నన్ను బాగా చూశాడు. ఇద్దరూ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, అలసిపోయినవాళ్ళ నవ్వు.

"ఓటేసిన మాట నిజమే," అంది ఆమె. "తర్వాత దేశాలన్నీ కూర్చుని ఒప్పుకోవాలి. ఇంతవరకు కూర్చోలేదు. నిన్నటి నుంచి మా పాప చీకటి ఉండగానే లేచి అన్నం పెట్టమంటోంది. రద్దు చేసే మనిషి మీరైతే ఇప్పుడే చేయండి, మేమిద్దరం సంతకం పెడతాం."

ఏళ్ళ తరబడి తెల్లరంగు కింద పడి ఉన్న వాక్యం అది. చివరికి మనిషి రూపంలో వచ్చి నా మొహం మీదే చదివి వినిపించింది. నా కోపమంతా ఎటుపోవాలో తెలియక నెత్తిమీద తువ్వాలులోనే ఉండిపోయింది.

"సరే, టైల్స్ పని మీరేనా?" అంది ఆమె అనుమానంగా.

"కాదు. ఆ అబ్బాయి ఇందాకటి దాకా ఇక్కడే ఉన్నాడు. సైటుకు వెళ్ళిపోయాడు." ఎందుకు వెళ్ళాడో చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు, అప్పటికే నన్ను చూసింది కదా.

మరో నలుగురితో మాట్లాడాలి, అది అయ్యాక భోజనానికి లేచేముందు ఇదే నంబరుకు ఇంకోసారి చేస్తాం, అప్పుడు దొరికితే సరి, లేకపోతే ఇవాళతో మా పని అయిపోతుంది అన్నారు.

ఫోర్‌మన్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. ఎప్పుడు ఎత్తాడు గనక? స్టోరు తాళం వేసి, చెయ్యి కడుక్కోకుండానే బయటకు ఉరికాను. ఉరికాను అంటే మాటవరసకు. మోకాళ్ళ సంగతి చెప్పాను కదా. గేటు దగ్గర మా కంపెనీ పెషావర్ డ్రైవర్ భాయ్ ఇంకో పికప్‌లో సిమెంటు బస్తాలతో బయల్దేరబోతున్నాడు.

"భాయ్, కర్జకాన్! జల్దీ!"

"క్యా హువా చాచా, ఎవరైనా పోయారా?"

"ఇంకా పోలేదు. నేను పోగొట్టిన."

హమద్ టౌన్ దాటేవరకు ప్రతి రెడ్ సిగ్నలూ మా కోసమే కాచుకుని ఉన్నట్టుంది. దారి పొడుగునా భాయ్ నన్ను విషయం అడగడం, నేను చెప్పడం, అతను స్టీరింగు కొట్టుకుంటూ నవ్వడం. "మా ఊళ్ళో కూడా ఒక చాచా ఉన్నాడు నీలాగే. రేడియో విని రోజూ ప్రభుత్వాన్ని దింపుతాడు. కానీ అతని వల్ల ఎవరి ఉద్యోగమూ పోలేదు." ఫోను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. మోగొద్దు మోగొద్దు అని దాన్నే బతిమాలాను. గంట క్రితం మోగలేదని తిట్టిన ఫోనది.

సైటులో ఫోర్‌మన్ ఎదురొచ్చాడు. "ఏంటండీ పెద్దాయనా, స్టోరొదిలేసి ఊరేగుతున్నారు?"

"మేస్త్రి ఏడున్నడు సారూ?"

"పై బాత్రూంలో. ఇంజనీరుగారు వచ్చే టైమండీ, ఇప్పుడు సభలు పెట్టకండి!"

ఆయన మాట పూర్తి కాకముందే ఫోను మోగింది. మెట్లెక్కాను. ఎట్లా ఎక్కానో నాకు తెలియదు, ఆ రాత్రి మోకాళ్ళకు తెలిసింది. మేస్త్రి నేల మీద కూర్చుని, రెండు చేతులా తెల్ల సిమెంటుతో, మూల టైలు సరిచేస్తున్నాడు.

"ఆళ్ళే రా! పోలెండోళ్ళు! గడియారం తిప్పిన్రట!"

వాడు నన్నొకసారి, ఫోనునొకసారి చూశాడు. లేవబోయాడు. నేను ఫోను ఎత్తి, పనిలో ఉన్నాడని చెప్పాను. "లేవొద్దనండి, చేస్తూ ఉండమనండి, పని చూస్తాం" అంది ఫోనులో ఆవిడ. నేను ఫోను వాడి వైపు పట్టుకుని, మూలలు చూడండి, గీత చూడండి, ఎక్కడైనా వెంట్రుక తేడా ఉందేమో చూడండి అంటూ వివరంగా చెప్పాను. చాలాసేపు చెప్పాను.

బట్టతల మనిషి దగ్గాడు. "అయ్యా, చాలా బాగుంది. కానీ మాకు మీ మొహమే కనిపిస్తోంది. కెమెరా తిప్పండి."

గడియారం తిప్పొద్దన్నవాణ్ణి, కెమెరా తిప్పడం తెలియదు. ఫోర్‌మన్ వెనక నుంచి వచ్చి, "ఇటివ్వండి, మీతో చచ్చే చావు," అని ఏదో నొక్కాడు. అప్పుడు వాళ్ళకు మేస్త్రి కనిపించాడు. వాడు టైలు పెట్టాడు, రబ్బరు సుత్తితో తట్టాడు, వేలితో అంచు తడిమాడు, మళ్ళీ తీసి పెట్టాడు. వాళ్ళిద్దరూ తెరకు దగ్గరగా జరిగి చూశారు.

"ఇక్కడ చలి బాగా ఉంటుంది, ఓర్చుకుంటాడా అడగండి," అంది ఆమె.

అడిగాను. "మంకీ టోపీ పెట్టుకుంట అని జెప్పు కాకా," అన్నాడు.

నేను దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ, అక్కడి గ్యాసు ధరలు, ఇంట్లో స్వెట్టర్లు వేసుకుని కూర్చోవడం, దాని మీద నా అభిప్రాయం అన్నీ కలిపాను. ఆమె ఓపిగ్గా విని, "ఆ అబ్బాయి అన్నది రెండు మాటలే కదా?" అంది. ఫోర్‌మన్ నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపి, వచ్చిన ఇంగ్లీషులో తానే మాట్లాడాడు. ఇంజనీరు మెట్ల మీదికి వచ్చినప్పుడు, ఆ కాకినాడ మనిషి ఆయన్ను ఆపి, కింద హాల్లో లేని పగులు ఒకటి చూపించడానికి తీసుకుపోయాడు. ఆ మేలు నేను మరచిపోను.

ఆ వారాంతానికి మెసేజి వచ్చింది. మేస్త్రిని తీసుకుంటాం, కాగితాలు పంపుతున్నాం అని. కింద ఒక వాక్యం: కెమెరా పట్టిన పెద్దాయనకు నమస్కారాలు, ఆయనకు మాత్రం మా దగ్గర ఖాళీ లేదు. మెస్సులో దాన్ని పదిసార్లు పైకి చదివించారు. ఆ రోజు నుంచి నేను వార్త చెప్పబోతే చాలు, "కింది సగం సుత సదివినవా కాకా?" అని ఎవడో అడిగేవాడు. నా ఉపన్యాసాలు అట్లా రద్దయ్యాయి. పార్లమెంటు అవసరం రాలేదు.

మేస్త్రి వెళ్ళాడు. వాడి మంచం మీదికి వచ్చినవాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని పడుకునేవాడు.

మాట తక్కువ మనిషి కదా, ఊరికే ఫోను చేయడు. పండగలకూ చేయడు. కానీ సంవత్సరానికి రెండుసార్లు, ఆ గడియారం తిప్పే ఆదివారం, మాకు పొద్దున టీ టైముకు తప్పకుండా చేస్తాడు.

"కాకా, తిప్పిన్రే."

"తిప్పిన్రా? సిగ్గులేదురా ఈళ్ళకు!"

"నువ్వు రద్దు జేసినవని జెప్పిన, ఇంటలేరు."

ఆ మాట దగ్గర ఇద్దరం నవ్వుకుంటాం. తర్వాత మంచు ఎంత పడిందో, వాడు ఏ ఊళ్ళో బాత్రూములు కడుతున్నాడో, తెల్లచొక్కా వెనక క్రీము మచ్చ ఎన్ని ఉతుకులకూ పోలేదనీ, అన్నీ చెప్పుకుంటాం. మిగతా ఏడాదికి అదే సరిపోతుంది.

మొన్న ఫోనులో మళ్ళీ వార్త వచ్చింది. ఈసారి గట్టిగానే అనుకుంటున్నారట, గడియారాలు తిప్పడం ఆపేద్దామని. నా గుండె గతుక్కుమంది. ఇప్పుడు రంగు పడే భయం లేదు కాబట్టి కింది చివరి అక్షరం దాకా చదివాను. దేశాలన్నీ ఒక మాట మీదికి రావాలట. వచ్చే సూచనలు లేవట. ఊపిరి పీల్చుకున్నాను.

"ఏంది బాపూ, నవ్వుతున్నవ్? యూరపోళ్ళు మంచి పనేమన్న జేసిన్రా?" అంది మా అమ్మాయి, చెప్పులు తొడుక్కుంటూ.

"ఏం జెయ్యలే బిడ్డా."

ఇన్నేళ్ళు వాళ్ళను తిట్టాను, ఇంకా తిడతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళ బద్ధకం చల్లగా ఉండాలి.